ఈ రాత్రికి ఏ దెయ్యం? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అక్టోబరు 31 రాత్రి హాలోవీన్. నవంబరు 1న క్రైస్తవులు జరుపుకొనే సకల పరిశుద్ధుల పండుగకు అది ముందురాత్రి, పేరు కూడా అందులోంచే పుట్టింది. అమెరికాలో చాలామంది ఆ నెలంతా భయం సినిమాలు చూస్తారు. ఏ రోజు ఏది చూడాలన్నది కొందరు చీటీలతోనో గళ్ల కాగితంతోనో ఆటగా తేల్చుకుంటారు. ఈసారి విజయవాడ, మంగళగిరి, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఆ ఆట గురించే.

ప్రశ్న: మేం ఐదుగురం స్నేహితులం. పటమటలో మేడమీద గదిలో శనివారం రాత్రి తొమ్మిదింటికి చేరతాం. ఏ సినిమా అన్నది తేలేసరికి పదిన్నర అవుతుంది. ఒకడికి కొరియా కావాలి, ఒకడికి తెలుగే కావాలి, ఒకడు దేనికైనా ‘చూసేశా’ అంటాడు. దీన్ని ఆటగా మార్చే పద్ధతి చెప్పండి.

జవాబు: జాబితా రాసుకోవడం, అందులోంచి ఒకటి తియ్యడం రెండు వేరు పనులు. మీరు రెండూ ఒకే రాత్రి, ఒకే రిమోటుతో చేస్తున్నారు. అందుకే పదిన్నర అవుతోంది. జాబితా సెప్టెంబరు ఆఖరి ఆదివారం కూర్చుని పూర్తి చేసెయ్యండి. అక్టోబరులో ఇక పాచికలు వెయ్యడమే.

ఒక చార్టు మీద అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గళ్లు గియ్యండి. మొత్తం 36. అడ్డవరసలకు భయం రకం పెట్టండి: దెయ్యం పట్టిన ఇల్లు, చేతబడి-పూనకం, కత్తి పట్టుకు తిరిగే మనిషి, జాంబీలు-రక్తపిశాచాలు, నవ్వించే దెయ్యం, మనసులో ఉన్న దెయ్యం. నిలువు వరసలకు ఊరు, కాలం పెట్టండి: తెలుగు, దక్షిణాది మిగతా భాషలు, హిందీ, జపాన్-కొరియా, 1980కి ముందు ఇంగ్లిష్, ఆ తర్వాత ఇంగ్లిష్. ఇప్పుడు వంతులవారీగా ఒక్కొక్కరూ ఒక్కో గడి ఎంచుకుని సినిమా పేరు రాయాలి. ఆరు అడ్డవరసల్లోనూ ఒక్కోటి రాసేదాకా ఎవరూ ఒకే వరసలో రెండోది రాయకూడదు. మీ ఐదుగురూ తలా ఏడు రాస్తే 35 అవుతాయి. మిగిలిన ఒక్క గడిలో ‘గది ఎవరిదైతే వాళ్ల ఇష్టం’ అని రాయండి. చాయ్ ఖర్చు వాళ్లదే కదా.

కొన్ని గళ్లు ఎంతకీ నిండవు. తెలుగు జాంబీ గడికి 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ చటుక్కున గుర్తొస్తుంది, ఆ తర్వాత బుర్ర గోక్కోవాలి. ‘కత్తి పట్టుకు తిరిగే మనిషి’ వరసలో తెలుగు గడికి సైకో హంతకుడి థ్రిల్లర్‌ను ఒప్పుకోండి. ఎవరూ పూరించలేని గడికి ఒక నక్షత్రం గుర్తు పెట్టండి. అది పడితే పాచిక వేసినవాళ్లు అదే అడ్డవరసలో ఏదైనా తీసుకోవచ్చు.

పాచికలు రెండు కావాలి. లూడో డబ్బాలోవి చాలు, కానీ రంగులు వేరుగా ఉండాలి. రెండూ తెల్లవే అయితే ఒకదాని చుక్కలకు గోళ్లరంగు పూయండి. రంగుది అడ్డవరస, తెల్లది నిలువు వరస. రంగుది 2, తెల్లది 5 పడితే రెండో అడ్డవరసలో ఐదో గడి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెండు పాచికల చుక్కలు కూడి, 2 నుంచి 12 దాకా పదకొండు సినిమాలకు నంబర్లు వేస్తారు. కూడితే 7 రావడానికి ఆరు దారులున్నాయి, 12 రావడానికి ఒక్కటే. అంటే ఏడో నంబరు సినిమాకు 36లో 6 వంతుల అవకాశం, పన్నెండో దానికి 36లో 1 వంతు. పన్నెండులో పడేసిన సినిమా అక్టోబరంతా అక్కడే కూర్చుంటుంది. అడ్డం-నిలువు పద్ధతిలో 36 గళ్లకూ సమానమైన అవకాశం ఉంటుంది. గవ్వలు వేసినా ఇదే చిక్కు, ఆరు గవ్వల్లో మూడు వెల్లకిలా పడినన్నిసార్లు ఆరూ పడవు.

చూసేసిన గడి కొట్టెయ్యండి. కొట్టేసిన గడే మళ్లీ పడితే కుడిపక్కన ఉన్న మొదటి ఖాళీ గడి తీసుకోండి, వరస అయిపోతే కింది వరసకు దిగండి. మళ్లీ మళ్లీ వేస్తామంటారా, ఐదు గళ్లే మిగిలినప్పుడు ఒక ఖాళీ గడి పడడానికి సగటున ఏడు సార్లు వెయ్యాలి. కుడికి జరిగే పద్ధతిలో అవకాశాలు సమానంగా ఉండవని లెక్కల మాస్టారు అభ్యంతరం చెప్పొచ్చు. నిజమే. పర్వాలేదు, నిద్ర ముఖ్యం.

పాచిక మాత్రం చూసే రాత్రి కాదు, ముందురోజు రాత్రి వెయ్యండి. పడిన సినిమా మీ దగ్గరున్న ఓటీటీల్లో ఉందా, సబ్‌టైటిళ్లు ఉన్నాయా, ఎంతసేపు అన్నది చూసుకోవడానికి ఒక రోజు గడువు దొరుకుతుంది. ఓటీటీల్లో సినిమాలు వస్తుంటాయి, పోతుంటాయి. సెప్టెంబరులో కనిపించింది అక్టోబరు 20న ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక ‘చూసేశా’ అనే ఆయన సంగతి. ప్రతి ఒక్కరికీ నెలకు రెండు చింతపిక్కలు ఇవ్వండి. పడిన సినిమా వద్దనుకుంటే ఒక పిక్క డబ్బాలో వెయ్యాలి, అప్పుడు పాచిక మళ్లీ పడుతుంది. పిక్కలు అయిపోయాక నోరు మూసుకుని చూడడమే. ఒకే సినిమాకు ఇద్దరు పిక్కలు వెయ్యకూడదు, ఒకటే చాలు. ఈ నిబంధన లేకపోతే మొదటి వారంలోనే అందరి పిక్కలూ ఖర్చయిపోయి, అసలు వద్దనుకున్నది మూడో వారంలో పడుతుంది. నెలాఖరుకు ఎవరి దగ్గర ఎక్కువ పిక్కలు మిగిలితే వాళ్లు 31 రాత్రి సినిమా ఎంచుతారు. ఈ ఒక్క ఆశ చాలు, ప్రతిదానికీ వద్దనేవాళ్లు కూడా పిక్క గుప్పిట్లో పెట్టుకుని ఆలోచిస్తారు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. కిందటేడు చీటీలు వేసుకుంటే అదే కథ మూడుసార్లు చూడాల్సి వచ్చింది. పేర్లు వేరు, భాష వేరు. ముందే ఎలా పట్టుకోవాలి?

జవాబు: మన దగ్గర ఇది పెద్ద బెడద. మలయాళంలో 1993లో వచ్చిన ‘మణిచిత్రతాళు’ కన్నడంలో 2004లో ‘ఆప్తమిత్ర’ అయింది, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా వచ్చి తెలుగులోకి డబ్ అయింది, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ అయింది. మీ జాబితాలో దక్షిణాది వరసలో ఒకటి, హిందీ వరసలో ఒకటి దూరితే ఒకే కథ రెండు రాత్రులు తినేస్తుంది. ‘రాట్ససన్’ 2018 తమిళం, ‘రాక్షసుడు’ 2019 తెలుగు. రెండోది మొదటిదానికి రీమేకే. జపాన్ ‘రింగు’ 1998ది, అమెరికాలో 2002లో ‘ది రింగ్’.

రీమేకుల కన్నా మోసం చేసేవి ఒకేసారి రెండు భాషల్లో తీసినవి. 1992 ‘రాత్రి’ హిందీలో ‘రాత్’. 2009లో మాధవన్ నటించిన ‘13బి’ తమిళంలో ‘యావరుం నలం’. పేర్లలో పోలికే లేదు. 2017లో సిద్ధార్థ్ నటించిన ‘గృహం’ తమిళంలో ‘అవళ్’, హిందీలో ‘ది హౌస్ నెక్స్ట్ డోర్’. ఓటీటీలో మూడూ వేరువేరు బొమ్మలతో కనిపిస్తాయి.

పట్టుకునే మార్గం ఒకటే. గడిలో పేరు పక్కన ఏడాది, దర్శకుడి పేరు రాయండి. ఒకే ఏడాది, ఒకే దర్శకుడు రెండు గళ్లలో కనిపిస్తే అనుమానించండి. రీమేకులకు ఇది పనిచెయ్యదు, ఏడాది మారుతుంది, దర్శకుడూ మారొచ్చు. వాటికి ఒక వాక్యంలో కథ రాసి చూసుకోవాలి. అయితే కథ చదివితే మజా పోతుంది కాబట్టి, భయం సినిమాలు బాగా చూసినవాళ్లొకరికి ఈ పని అప్పగించండి. మిగతావాళ్లు కథ వైపు చూడొద్దు.

కావాలనే జంట పెట్టుకోవడం మాత్రం మంచి ఆట. మూలం శుక్రవారం, రీమేక్ శనివారం. ఏది ఎక్కువ భయపెట్టిందో చేతులెత్తి ఓటు వెయ్యడం. అలాంటప్పుడు మూలం ముందు చూడాలి. రీమేకుల్లో పాటలు, కామెడీ ట్రాకు కలుస్తాయి, అవి ముందు చూస్తే మూలం చప్పగా కనిపించి దానికి అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న: 31 రోజులు, 31 సినిమాలు. ఉద్యోగం చేసుకునేవాళ్లకు సాధ్యమా? నేను, నా భార్య ఇద్దరమే. సత్యనారాయణపురం.

జవాబు: లెక్క చూడండి. సగటున గంటా యాభై నిమిషాలు అనుకుంటే 31 సినిమాలకు దాదాపు 57 గంటలు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే పదో తేదీకి వచ్చేసరికి సినిమా మధ్యలో గురక వినపడుతుంది. మా ఓటు 13కే. 2026 అక్టోబరులో శనివారాలు ఐదు, 31వ తేదీ కూడా శనివారమే. ఆదివారాలు నాలుగు. గాంధీ జయంతి శుక్రవారం పడింది. మొత్తం పది. మరో మూడు శుక్రవారం రాత్రులు కలిపితే 13 అవుతాయి. మధ్యవారం జోలికి వెళ్లక్కర్లేదు.

కాదు, 31 చూడాల్సిందే అంటే నిడివి చూసి రెండు డబ్బాలు పెట్టుకోండి. సోమవారం నుంచి గురువారం దాకా వంద నిమిషాల లోపువి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా పెద్దవి. 2026 అక్టోబరుకు మొదటి డబ్బాలో 17, రెండో డబ్బాలో 14 చీటీలు పడతాయి. మొదటి డబ్బాకు పాత ఇంగ్లిష్ సినిమాలు వరం: 1931 ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 70 నిమిషాలు, 1978 ‘హాలోవీన్’ 91, 1968 ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ 96. పేరు మార్చినప్పుడు కాపీరైటు గుర్తు వెయ్యడం మరిచిపోవడంతో ఆ చివరిదానికి అమెరికాలో హక్కులే లేకుండా పోయాయి. మన తెలుగువి చాలావరకు రెండు గంటలు దాటుతాయి, వాటిని రెండో డబ్బాలో వెయ్యండి.

చీటీల కొలత కూడా చెప్తాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది చెడగొడతారు. ఒక ఏ4 కాగితాన్ని సగానికి మడవండి, మళ్లీ సగానికి. అలా ఐదు సార్లు మడిస్తే 32 ముక్కలు. పొడవువైపు మూడు మడతలు, వెడల్పువైపు రెండు వచ్చేలా చూస్తే ఒక్కో ముక్క దాదాపు 3.7 సెంటీమీటర్లు, 5.2 సెంటీమీటర్లు. మూడో మడత నుంచి కాగితం మొండికేస్తుంది, స్టీలు స్కేలుతో అదమండి. మడత విప్పాక చేత్తో చింపకండి, స్కేలు ఆనించి బ్లేడుతో కొయ్యండి. చింపిన అంచు వేలికి తగిలి ఏ చీటీ ఏదో తెలిసిపోతుంది. 31 చీటీల మీద సినిమాలు, మిగిలిన ఒక్కదాని మీద ‘మీ ఇష్టం’. జెల్ పెన్ను పలచ కాగితం వెనక్కి దిగుతుంది, పెన్సిలు వాడండి. ఒకే రకంగా రెండు మడతలు వేసి ఏ డబ్బావి ఆ డబ్బాలో వెయ్యండి. పైన పళ్లెం మూసి బాగా గిలకొట్టాక తియ్యండి. గిలకొట్టకపోతే ఆఖర్న వేసినవే పైనుండి, అవే ముందు వస్తాయి. ఆఖర్న వేసేది ఎవరు? చీటీలు రాసినవాళ్లే.

ఇద్దరే కాబట్టి ఇంకో మార్గం వైకుంఠపాళి. వంద గళ్ల పటం, ఒక పాచిక, ఒకే పావు. రాత్రికొక్కసారి వేస్తే సగటున మూడున్నర గళ్లు కదులుతుంది. 31 రాత్రులకు 108 గళ్లు దాటుతుంది, అంటే నెలాఖరుకు పావు పైకి చేరుతుందన్నమాట. లెక్క భలే కుదిరింది కానీ పాములు ఉన్నవి ఉన్నట్టు మింగితే మళ్లీ మొదటికే. అందుకని పాము నోట్లో పడితే ఒక్క గడే వెనక్కి వెళ్లండి, ఆ రాత్రి సినిమా అవతలివాళ్లు ఎంచుతారు. నిచ్చెన పడితే మీ ఇష్టం, పైకి మాత్రం ఎక్కొద్దు. మామూలు గడిలో ఆగితే గడి నంబరులో ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉందో చూడండి. సున్నా నుంచి తొమ్మిది దాకా పది రకాలకు ముందే పది పేర్లు పెట్టుకుంటే, 47లో ఆగినా 87లో ఆగినా ఏడో రకం. చివర్లో సరిగ్గా వందే పడాలన్న పట్టింపు వద్దు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో ఆదివారాలు తంబోలా ఆడతాం. (లక్ష్మీపురం, గుంటూరు.) ఈ నెల దెయ్యాల తంబోలా పెడదామంటున్నారు. టికెట్లు ఎలా తయారుచెయ్యాలి?

జవాబు: నంబర్ల బదులు సినిమాలో జరిగే సంగతులు. మామూలు టికెట్టులో మూడు వరసలు, వరసకు ఐదు నంబర్లు. అదే ఉంచండి, మధ్యలో ఖాళీ గళ్లు అక్కర్లేదు. పదిహేను సంగతులు చాలు.

ఎక్కువమంది ఒకే పదిహేను సంగతులు రాసి, పాతిక జిరాక్సులు తీసి పంచుతారు. అప్పుడు అందరికీ ఒకేసారి ఫుల్ హౌస్ (పదిహేనూ నిండడం) పడి, హాలంతా ఒకేసారి అరుస్తుంది. ముప్పై సంగతులు రాసిన కాగితం ఒకటి అందరికీ ఇచ్చి, అందులోంచి ఎవరి పదిహేను వాళ్లను ఎంచుకోమనండి. సినిమా మొదలయ్యేలోపు టికెట్టు వెనక ఫ్లాటు నంబరు రాసి చూపించాలి.

ముప్పైలో పది తరచుగా వచ్చేవి ఉండాలి: తలుపు కిర్రుమనడం, కరెంటు పోవడం, ఫోనుకు సిగ్నల్ లేకపోవడం, అద్దంలో వెనక ఎవరో కనపడడం, కుక్క మొరగడం. పది మధ్యరకం: పాత ఫొటో, తాళం వేసిన గది, బొమ్మ దానంతటదే కదలడం, ఊళ్లోకి వెళ్లొద్దని ముసలాయన చెప్పడం, వానలో కారు ఆగిపోవడం. పది అరుదువి: పాడుబడ్డ బావి, ముగ్గులో నిమ్మకాయలు, గుడ్లగూబ, కాళ్లు వెనక్కి తిరిగి ఉండడం, రక్తంతో గోడమీద రాత. పై వరసలో తరచువి, మధ్యలో మధ్యరకం, కింది వరసలో అరుదువి రాయమనండి. అప్పుడు జల్దీ ఫైవ్ (ముందుగా ఏవైనా ఐదు నిండడం) అరగంటలో పడుతుంది, టాప్ లైను ఇంటర్వెల్ లోపు పడుతుంది, బాటమ్ లైను ఆఖరి పావుగంట దాకా తేలదు. అన్నీ తరచువే పెడితే ముప్పావుగంటలో ఆట ముగిసి, మిగతా సినిమా ఎవరూ చూడరు.

సినిమాను బట్టి సంగతులూ మారాలి. కొరియా సినిమాకు నిమ్మకాయలు, ముగ్గు పెడితే ఆ గళ్లు ఎప్పటికీ ఖాళీయే. 1922 ‘నోస్ఫెరాటు’ లాంటి మూకీకి శబ్దంతో ఉన్న గళ్లన్నీ తీసెయ్యండి.

గొడవలు వచ్చేది ‘ఉలిక్కిపడే చోటు’ అనే గడి దగ్గర. ఒకరికి అది ఉలికిపాటు, ఇంకొకరికి ఉత్త గిన్నె పడిన చప్పుడు. ముందే తేల్చుకోండి: తెరమీద ఏదో హఠాత్తుగా కనిపించడం, దానితోపాటే పెద్ద శబ్దం, రెండూ ఒకేసారి ఉంటేనే లెక్క. పిల్లి దూకినా సరే. సంగతి జరిగాక పది సెకన్లలో చెయ్యెత్తాలి. తప్పుగా చెయ్యెత్తితే తంబోలాలో లాగానే బోగీ, టికెట్టు పోయినట్టే. సినిమా ముందే చూసినవాళ్లు ఆడకూడదు, వాళ్లే కాలర్లు, అంటే ఆట నడిపేవాళ్లు. అందరి ముందూ ‘ఇది చూసినవాళ్లెవరు’ అని అడిగి ఒక్క క్షణం ఆగండి. గుమ్మడికాయల దొంగలు భుజాలు తడుముకుంటారు.

బహుమతి డబ్బు కాకుండా ఎంపిక హక్కు పెడితే ఆట ఆదివారం నుంచి ఆదివారానికి సాగుతుంది. ఫుల్ హౌస్ కొట్టినవాళ్లు వచ్చేవారం సినిమా ఎంచుతారు. జల్దీ ఫైవ్‌కు ఒక చింతపిక్క, అంటే ఒకసారి వద్దనే హక్కు.

ప్రశ్న: దసరా రోజుల్లో ఇంట్లో దెయ్యాల సినిమాలేంటని మా అత్తయ్యగారు కోప్పడుతున్నారు. ఆవిడ మాట కాదనలేను, ఆట ఆపాలని లేదు. వన్‌టౌన్, విజయవాడ.

జవాబు: ఆవిడ మాటే కానివ్వండి. అమ్మవారి అలంకారాలకు కొండకింద ఇసకేస్తే రాలని జనం, ఇంటినిండా చుట్టాలు. ఆ తొమ్మిది రోజులూ మీకు రెండుగంటలు ఖాళీ దొరకడం కూడా అనుమానమే. దసరా కొన్నేళ్లు సెప్టెంబరు చివర్లో, కొన్నేళ్లు అక్టోబరు మధ్యలో వస్తుంది. ముందే క్యాలెండరులో ఆ రోజులు కొట్టేసి, మిగిలిన రోజులకే గళ్లు గియ్యండి. మిగిలినవి ఇరవయ్యో, ఇరవై రెండో ఉంటాయి, ఆటకు అవి ఎక్కువే. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే ఆట చల్లారిపోతుంది. ముందే విరామం రాసుకుంటే అలా జరగదు.

అత్తయ్యగారికి 1978 ‘జగన్మోహిని’ పెట్టి చూడండి. విఠలాచార్య దెయ్యాలను ఆవిడ తరం హాల్లో చూసిందే. ఆట మీద అభ్యంతరం సగం తగ్గుతుంది.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల బాబు, పదమూడేళ్ల పాప. పెద్దవాళ్లం చూస్తుంటే వాళ్లూ వచ్చి కూర్చుంటారు. ఆటలో వాళ్లనెలా కలుపుకోవాలి? మంగళగిరి.

జవాబు: ముందు సర్టిఫికెట్టు చూడండి. 2023 చట్ట సవరణ తర్వాత థియేటర్ సినిమాలకు యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఓటీటీలకు 2021 నుంచే ఇలాంటి వయసు గుర్తులున్నాయి. సినిమా మొదలయ్యేటప్పుడు పైమూల కనిపించేది అదే. ఇంతకుముందు వచ్చిన సినిమాలకు ఉత్త యూఏ మాత్రమే ఉంటుంది, అందులో ఏడేళ్లవాడికి సరిపడేవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. వాటిని పెద్దవాళ్లొకరు ముందు చూడాలి. తప్పదు.

వయసును బట్టి భయం కూడా మారుతుంది. ఎనిమిదేళ్లవాడికి తెరమీద వికారమైన ముఖం చాలు. కథ కల్పితమని చెప్పినా ఆ ముఖం పోదు. పదమూడేళ్ల పాప ముఖానికి నవ్వేస్తుంది, కానీ ఇంట్లోకి మనిషి చొరబడే కథకు రాత్రి గడియ రెండుసార్లు చూసుకుంటుంది. ఇద్దరికీ ఒకే జాబితా పనికిరాదు. మూడు రంగుల చీటీలు పెట్టండి: పచ్చవి అందరూ, పసుపువి పాప, పెద్దలు, ఎర్రవి పెద్దలు మాత్రమే. బాబు చెయ్యి పచ్చ డబ్బాలోకే వెళ్లాలి. తీసేది మాత్రం వాడే. తను తీసిన చీటీ అంటే పిల్లలకు సగం భయం అక్కడే పోతుంది.

పచ్చ చీటీలు ఆదివారం పొద్దున పదింటికి చూడండి, రాత్రి కాదు. ‘ఆపు’ అనే హక్కు బాబుకు ఎన్నిసార్లయినా ఉండాలి, చింతపిక్కలతో లెక్కపెట్టకండి. ఆపమన్నప్పుడు ‘ఇంతేనా నీ ధైర్యం’ అని ఎవరైనా నవ్వారా, వాడు ఆ తర్వాత ఆపమనడు. రాత్రి రెండింటికి మీ గదికొస్తాడు.

ప్రశ్న: ఫ్యాను చప్పుడులో గుసగుసలు వినపడవు. వాల్యూమ్ పెంచితే దెయ్యం అరుపుకు పక్కఫ్లాటువాళ్లు తలుపు కొడుతున్నారు. చీకటి సీన్లలో తెరంతా బూడిదరంగు ముద్దలు. ఏం చెయ్యాలి? మొగల్రాజపురం.

జవాబు: సౌండ్ మెనూలో ‘నైట్ మోడ్’ లేదా ‘ఆటో వాల్యూమ్’ అని ఉంటుంది, వెయ్యండి. గుసగుసను పైకి లేపి, అరుపును కిందికి అణుస్తుంది. ఓటీటీలో ఆడియో ఎంచేచోట 5.1 ఉంటే స్టీరియోకు మార్చి చూడండి. 5.1లో మాటలు మధ్య స్పీకరులో ఉంటాయి. టీవీకి ఉన్నవి రెండే కాబట్టి కలిపేటప్పుడు మాటలు సంగీతం కింద నలిగిపోతాయి.

ముద్దలు టీవీ తప్పు కాకపోవచ్చు. నెట్టు నెమ్మదించినప్పుడు బొమ్మను బాగా కుదించి పంపుతారు, ఆ కుదింపు ముందు కనపడేది చీకట్లోనే. క్వాలిటీని ‘ఆటో’ నుంచి ‘హై’కి మార్చండి, వీలైతే ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కు మార్చి, గది వెలుతురును బట్టి తెరను మసకబార్చే పవర్ సేవింగ్ తీసెయ్యండి. గది పూర్తి చీకటి చెయ్యకుండా టీవీ వెనక చిన్న బల్బు ఒకటి వెలిగించండి. తెరమీద ప్రతిబింబం పడదు, కళ్లు లాగవు.

ఇది ఆటలో కలుపుకోదగ్గ విషయం కూడా. పూర్తిగా నలుపు-తెలుపులో, నీడల మీదే నడిచే 2024 ‘భ్రమయుగం’ లాంటివి పగటిపూట కిటికీ వెలుతురులో చూస్తే సగం కనపడవు. అలాంటి గళ్లకు చంద్రుడి గుర్తు వెయ్యండి. ఆ గడి పగటి ఆటకు పడితే రాత్రికి వాయిదా.

ప్రశ్న: ఆఖరి రాత్రి గెలిచినవాళ్లకు గుమ్మడికాయ దీపం చేసి ఇద్దామనుకుంటున్నాం. మన గుమ్మడికాయ పనికొస్తుందా? భవానీపురం.

జవాబు: వస్తుంది. అసలు ఐర్లండ్‌లో మొదట టర్నిప్ దుంపలు తొలిచేవాళ్లు, అమెరికా వెళ్లాక గుమ్మడికాయ దొరికింది. రైతుబజారులో తీపి గుమ్మడి, మూడు నాలుగు కిలోలది, గుండ్రంగా ఉన్నది చూసి తీసుకోండి. మన కాయలు కొన్ని అణిగినట్టు బల్లపరుపుగా ఉంటాయి, వాటిమీద కళ్లు, నోరు పట్టవు. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి వద్దు, లోపల నీరెక్కువ, దీపం నిలవదు.

తొడిమ దగ్గర కాకుండా అడుగున గుండ్రంగా కోసి, గుజ్జు, గింజలు గరిటెతో తియ్యండి. గోడ రెండు సెంటీమీటర్ల మందం మిగలాలి. ఇంకా మందంగా ఉంటే వెలుగు బయటికి రాదు, పలచనైతే కళ్ల దగ్గర కుంగిపోతుంది. తొక్క గట్టి, మామూలు కత్తి జారి చేతిమీదకొస్తుంది. పళ్లున్న చిన్న కత్తితో రంపంలా లాగుతూ కొయ్యండి. మన ఉక్కకు కోసిన కాయ రెండోరోజుకే బూజు పడుతుంది, కాబట్టి 30 రాత్రికి ముందు కత్తి పెట్టొద్దు. నూనె దీపం పెడితే పైన పొగకు ఒక కన్నం కావాలి. బ్యాటరీ దీపం పెడితే ఆ బాధ లేదు.

కొన్ని ఇళ్లల్లో నిండు గుమ్మడికాయ ఆడవాళ్లు కొయ్యరు, మగవాళ్లెవరైనా ముందు ఒక గాటు పెట్టాలంటారు. గెలిచింది మీ వదినగారైతే ఆ గాటు ఎవరు పెడతారో ముందే అడిగి ఉంచుకోండి. తీసిన గుజ్జు పారెయ్యకండి, ఆదివారం దప్పళంలోకి సరిపోతుంది.